గోదావరి గట్టున నీటిరంగులు: ఒక పూటలో ఒక దృశ్యం

రెండు కొండలు, మధ్యలో పొడుస్తున్న సూర్యుడు, పక్కన ఒక పెంకుటిల్లు, కొబ్బరి చెట్టు, మెలికలు తిరిగి వచ్చే ఏరు. తెలుగునాట బడికెళ్లిన పిల్లల్లో ఈ బొమ్మ గీయనివాళ్లు అరుదు. ఇందులో ఉన్నవన్నీ నిజమైన వస్తువులే, కానీ ఆ చోటు మాత్రం ఎక్కడా లేదు. ప్రకృతి దృశ్యం వేయాలనుకునేవాళ్లు మొదట చేయాల్సింది ఈ కంఠస్థం వచ్చిన బొమ్మని పక్కన పెట్టడం. ఆ తర్వాత ఫలానా గట్టు మీద, ఫలానా వేళకి, నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూడడం.

రాజమండ్రి దగ్గర గోదావరి రేవులో కూర్చుని, నీటిరంగులతో పావు షీటు మీద రెండున్నర గంటల్లో ఒక బొమ్మ పూర్తి చేసే పద్ధతి ఇది. కృష్ణ ఒడ్డునైనా, ఊరి చెరువు గట్టు మీదైనా ఇదే పనికొస్తుంది. వెలుగు వచ్చే దిక్కు మాత్రం మీ చోటుని బట్టి చూసుకోవాలి.

వేళ, చోటు

రాజమండ్రి నదికి తూర్పు ఒడ్డున ఉంది, కొవ్వూరు పడమటి ఒడ్డున. అంటే రేవు మెట్ల మీద నీళ్ల వైపు తిరిగి కూర్చుంటే పొద్దుటి ఎండ మీ వీపు మీద పడుతుంది, సాయంత్రపు ఎండ ముఖాన కొడుతుంది. పొద్దున పడవలు, మనుషులు, బట్టల రంగులు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి కానీ నీడలు వస్తువుల వెనక దాక్కుంటాయి, బొమ్మ చదునుగా వచ్చే ప్రమాదం ఉంది. సాయంత్రం ఎదురు వెలుతురులో రంగులు తగ్గిపోయి లంకలు, పడవలు, వంతెన నల్లటి ఆకారాలుగా మిగులుతాయి. కొత్తగా వేసేవాళ్లకి సాయంత్రమే నయం. ముదురు లేతల లెక్కలో ఆకాశం ఒక ఛాయ, నీళ్లు ఒక ఛాయ, ఆకారాలు ఒక ఛాయ. ఈ మూడూ సరిగ్గా పడితే సగం బొమ్మ అయినట్టే.

సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటల్లో నీడలు ఎక్కడివక్కడ ఉండవు. కాబట్టి కూర్చున్న మొదటి పది నిమిషాల్లోనే నీడలు ఎటు పడుతున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, చివరిదాకా ఆ గుర్తులనే నమ్మాలి. మధ్యలో మారిన వెలుగుని వెంటాడితే ఒకే బొమ్మలో ఇద్దరు సూర్యులు వస్తారు.

కాగితం మీద నేరుగా ఎండ పడకూడదు. ఎండలో తెల్ల కాగితం కళ్లు చెదరగొడుతుంది. వేసిన రంగు పలచగా అనిపించి ఇంకా చిక్కగా వేసేస్తారు. తీరా ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా మసిబారినట్టు ఉంటుంది. గొడుగు కావాలి, అది నల్లదైతే మంచిది. ఎర్ర గొడుగో నీలం గొడుగో అయితే దాని రంగు కాగితం మీద పడి మీ కన్నుని మోసం చేస్తుంది.

సామాను

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల మందం), నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్, అంటే కాస్త గరుకుగా ఉండేది. పూర్తి ఇంపీరియల్ షీటు 22×30 అంగుళాలు, దాన్ని నాలుగు ముక్కలు చేస్తే 11×15. చవక కాగితం మీద సాధన చేయొచ్చు కానీ పెద్ద ఆకాశం వేయడం కష్టం, అది తడిని నిలుపుకోదు. రంగు పారేలోపే అంచులు కట్టేస్తాయి. అందుకే చాలామంది తమ చేయి బాగాలేదనుకుంటారు, తప్పు చాలాసార్లు కాగితానిది.

కోస్తా వర్షాకాలంలో కాగితానికి ఇంకో గండం ఉంది. దానికి పట్టించిన జిగురు పూతని, అదే సైజింగ్‌ని, బూజు తినేస్తుంది. పైకి ఏమీ కనిపించదు. రంగు వేయగానే అక్కడక్కడ బ్లాటింగ్ పేపర్‌లా పీల్చుకుని ముదురు చుక్కలు తేలతాయి. కొత్త బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక మూల తడి చేసి చూడండి. నీళ్లు పైన మెరుస్తూ నిలిస్తే కాగితం బాగున్నట్టు. వెంటనే ఇంకిపోతే దాన్ని స్కెచ్‌లకి వాడుకోండి. మిగతా షీట్లని సిలికా జెల్ పొట్లాలతో కలిపి పాలిథిన్ కవర్లో గట్టిగా మూసి, గోడకి తగలకుండా పరచి ఉంచాలి.

రంగులు ఎనిమిది చాలు: అల్ట్రామెరీన్, కోబాల్ట్ నీలం, ఎల్లో ఆకర్, గాంబోజ్ పసుపు, బర్న్ట్ సియెన్నా, లైట్ రెడ్, పర్మనెంట్ రోజ్, బర్న్ట్ అంబర్. నలుపు వద్దు, అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే అంతకన్నా లోతైన ముదురు వస్తుంది. అలిజరిన్ క్రిమ్సన్ కొనకండి, వెలుతురుకి వెలిసిపోతుంది.

కుంచెలు: ఒకటిన్నర అంగుళాల ఫ్లాట్, 12 నంబరు రౌండ్, 6 నంబరు రౌండ్, కొబ్బరాకులకీ తాళ్లకీ ఒక రిగ్గర్, అంటే పొడవాటి వెంట్రుకల సన్న కుంచె. నీళ్లకి రెండు డబ్బాలు, ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రంగా ఉంచుకోవడానికి. తుడవడానికి పాత నూలు పంచె ముక్కని మించింది లేదు, టిష్యూ కాగితం పీచు వదులుతుంది. కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించడానికి ఒక తేలికపాటి బోర్డు. బోర్డు వెనక వైపు రెండు మూడు అంగుళాల ఎత్తు పెడితే రంగు తనంతట తాను కిందికి పారుతుంది.

గీత ఎక్కడ గీస్తారన్నదే అసలు మాట

కాగితం మీద మొదట పడే గీత క్షితిజరేఖ, ఆకాశం నేలనో నీళ్లనో తాకినట్టు కనిపించే గీత. అది పైకి జరిగితే నేల, నీళ్లు, పని చేసే మనుషులు కాగితాన్ని ఆక్రమిస్తారు. కిందికి జరిగితే ఆకాశం పరచుకుని మనిషి చిన్నవాడైపోతాడు. మనిషికీ ప్రకృతికీ మధ్య దూరం ఎంతో ఈ ఒక్క గీతతో తేలిపోతుంది, ఆ తర్వాత ఎంత నైపుణ్యం చూపినా మారదు.

చైనాలో క్రీ.శ. 1000 ప్రాంతంలో ఫాన్ కువాన్ వేసిన పట్టు చిత్రం ఒకటి తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు. దాదాపు అంతా కొండే. బరువులు మోసుకెళ్లే కంచర గాడిదలు, వాటిని తోలే మనుషులు అడుగున వెతికితే గానీ కనిపించరు. 17వ శతాబ్దపు డచ్చి వాళ్లు ఇంకో దారి పట్టారు. సముద్రం నుంచి గెలుచుకున్న చదును నేల వాళ్లది. 1670 ప్రాంతంలో రూయిస్డాల్ హార్లెమ్ ఊరిని వేసినప్పుడు బొమ్మలో మూడింట రెండు వంతులు మేఘాలకే ఇచ్చాడు, కింద పొలాల్లో ఆరబెట్టిన నారబట్టలు తెల్లగా కనిపిస్తాయి. మన పహాడీ బారామాసా చిత్రాల్లో, అంటే హిమాలయ కొండ రాజ్యాల్లో పన్నెండు నెలల మీద వేసిన బొమ్మల్లో, లెక్క వేరు. అక్కడ మబ్బూ కొంగల బారూ నాయిక మనసులో మాట చెప్పడానికి వస్తాయి, దూరం కొలవడానికి కాదు.

కోనసీమ కూడా డచ్చి నేలలాగే చదును. దాన్ని వేసేటప్పుడు క్షితిజం కిందికి దించితే ఆ నేల స్వభావం పలుకుతుంది. పాపికొండల దగ్గర నిలువు కాగితం తీసుకుని క్షితిజాన్ని అడుగున పెట్టి కొండల్ని పైదాకా పోనివ్వాలి. రాజమండ్రి రేవులో మనుషులు ముఖ్యమనుకుంటే పై నుంచి మూడో వంతు దగ్గర గీత పెట్టండి.

ఇది మనసులోనే తేల్చుకోకుండా 2×3 అంగుళాల చిన్న గడులు మూడు గీసి, 2బి పెన్సిల్‌తో మూడు ఛాయల్లోనే మూడు రకాలుగా వేసి చూడాలి, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు పోయి ఛాయలే మిగులుతాయి. ఈ పావుగంట ఆదా చేద్దామనుకుంటే తర్వాత మొత్తం కాగితం పోతుంది.

కొలతలు: గోదావరి చెరువైపోకుండా

ఎక్కువమంది తప్పేది ఇక్కడే, అందుకని కాస్త నిదానంగా చూద్దాం. వంతెనల దగ్గర నది వెడల్పు దాదాపు మూడు కిలోమీటర్లు. అవతలి ఒడ్డున 15 మీటర్ల కొబ్బరి చెట్టు ఉందనుకోండి. చేయి చాపి, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెన్సిల్ పెట్టి కొలిస్తే దాని ఎత్తు 3 మిల్లీమీటర్లే. పెన్సిల్ మీద వచ్చిన కొలతనే కాగితం మీద పెట్టే పద్ధతిలో ఆ తోపు మొత్తం మూడు మిల్లీమీటర్ల పట్టీ. చెట్టంటే పెద్దదని మనసుకి తెలుసు కాబట్టి చేయి రెండు సెంటీమీటర్లు గీసేస్తుంది. ఆ క్షణాన గోదావరి ఊరి చెరువైపోతుంది, ఆ తర్వాత నీళ్లు ఎంత బాగా వేసినా ఆ విశాలం తిరిగి రాదు. మధ్యలో ఉన్న లంకలు దగ్గర కాబట్టి కొంచెం ఎత్తుగా వస్తాయి. వాటినీ కొలవండి, ఊహించవద్దు.

మనుషుల ఎత్తుకి ఒక సూత్రం ఉంది. క్షితిజరేఖ ఎప్పుడూ మీ కంటి ఎత్తులో ఉంటుంది. చదును నేల మీద మీరు నిలబడి చూస్తుంటే దగ్గరివాళ్లయినా దూరంవాళ్లయినా నిలుచున్న పెద్దవాళ్ల తలలన్నీ ఇంచుమించు ఆ గీత మీదికే వస్తాయి, మారేది పాదాలే. రేవు మెట్ల మీద కూర్చుంటే లెక్క మారుతుంది. మీ కన్ను నీటి మట్టానికి పది అడుగుల ఎత్తున ఉందనుకుందాం. పడవలో నిలబడ్డ ఐదున్నర అడుగుల మనిషికి, పాదాల నుంచి క్షితిజం దాకా ఉన్న దూరంలో సగానికి కొంచెం పైన తల వస్తుంది. పడవ దగ్గరున్నా దూరమున్నా ఇదే నిష్పత్తి. ఇది తప్పితే మనిషి నీళ్లలో మునిగినట్టో, గాల్లో తేలినట్టో ఉంటాడు.

పాత హేవలాక్ వంతెనని (1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయినది) వేసేటప్పుడు స్తంభాలన్నీ లెక్కపెట్టి గీయకండి. దగ్గరున్న మూడు నాలుగింటిని శ్రద్ధగా గీసి, మధ్య ఎడం క్రమంగా తగ్గిస్తూ పోయి, చివర ఒక బూడిదరంగు గీతలో కలిపేయాలి.

ఆకాశం, అవతలి ఒడ్డు

రంగులు కలిపి పెట్టుకున్నాకే కాగితం తడపాలి. తడిపాక కలపడం మొదలుపెడితే ఎండ మీ కోసం ఆగదు. ఆకాశానికి రెండు మిశ్రమాలు, ఒక్కోటి రెండు మూడు చెంచాలు: ఎల్లో ఆకర్‌లో పిసరంత లైట్ రెడ్, ఇంకోటి కోబాల్ట్. చిక్కదనం మజ్జిగ తేటంత. ఫ్లాట్ కుంచెతో ఆకాశం, నీళ్లు రెండింటి మేరా శుభ్రమైన నీటితో తడిపి, క్షితిజం దగ్గర ఆకర్, పైన కోబాల్ట్ వేసి, రెండూ కలిసే చోట చేయి పెట్టకుండా వదిలేయండి. నీళ్లలో వరస తిరగబడుతుంది, దూరాన ఆకర్, మీ దగ్గరికి వచ్చేకొద్దీ నీలం. ఆరాక రంగు పలచబడుతుంది, అందుకని అదే కాగితపు ముక్క మీద ముందే వేసి ఆరబెట్టి చూసుకోండి.

ఇక్కడి నుంచి తడిని చదవడమే విద్య. కాగితాన్ని పక్క నుంచి చూడాలి. అద్దంలా మెరుస్తుంటే నీళ్లు ఎక్కువ, వేసింది చెల్లాచెదురవుతుంది. మెరుపు తగ్గి పట్టుగుడ్డలా ఉన్నప్పుడు మెత్తటి అంచులు వస్తాయి, మబ్బులకీ పొగమంచులోని చెట్లకీ అదే సమయం. మెరుపు పోయినా వేలి వెనక భాగానికి చల్లగా తగులుతుంటే ముట్టుకోవద్దు. అప్పుడు తడి కుంచె తగిలితే కాలీఫ్లవర్ పువ్వులా మరక విచ్చుకుంటుంది. పలచని నీరు సగం ఆరిన రంగుని తోసుకుంటూ పోయి అంచున పోగు చేయడమే దానికి కారణం. దాన్ని అప్పటికప్పుడు దిద్దబోతే పెద్దదవుతుంది. పూర్తిగా ఆరాక మళ్లీ తడిపి మెల్లగా తీయాలి.

మే నెల ఎండలో ఈ దశలన్నీ మూడు నాలుగు నిమిషాల్లో దాటిపోతాయి. కాగితం వెనక వైపు కూడా తడిపి బోర్డుకి అతికిస్తే కొంత వ్యవధి దొరుకుతుంది. ముసురు రోజుల్లో దీనికి తిరగబడి అరగంటైనా ఆరదు. రెండు బోర్డులు పట్టుకెళ్లి ఒకటి ఆరేలోగా రెండోది వేయడం మంచిది.

అవతలి ఒడ్డుకి పచ్చరంగు వాడకండి. చెట్లు పచ్చగా ఉంటాయని మనకి తెలుసు, కానీ మూడు కిలోమీటర్ల గాలిని దాటి వచ్చేసరికి అవి నీలిబూడిద. కోబాల్ట్‌లో చిటికెడు లైట్ రెడ్ కలిపి, పట్టుమెరుపు ఉన్నప్పుడు ఒక్క గీతగా లాగేయాలి. పాపికొండల వరసలకైతే ప్రతి వరసా ఆరాకే తర్వాతిది. దూరపుది పలచటి నీలం, దగ్గరికి వచ్చేకొద్దీ ఆకర్, సియెన్నా పెరుగుతాయి, చిక్కదనం మజ్జిగ తేట నుంచి చిక్కటి మజ్జిగకి, చివరి వరసకి మీగడకి వస్తుంది.

నీళ్లు

ధవళేశ్వరం బ్యారేజీ దిగువనే ఉండడంతో వర్షాలు లేని నెలల్లో రాజమండ్రి దగ్గర నీరు నిలిచి ఉంటుంది. గాలి లేని పొద్దున అద్దమే. ప్రతిబింబం ఎప్పుడూ నిటారుగా కిందికి పడుతుంది, నీడలా పక్కకి వాలదు. తెల్లటి వస్తువు ప్రతిబింబం అసలు కన్నా కొంచెం ముదురు, నల్లటి వస్తువుది కొంచెం లేత. పడవ కింద ముదురుని మీగడ చిక్కదనంతో వేసి, వెంటనే శుభ్రమైన తడి ఫ్లాట్‌తో ఒక్కసారి కిందికి లాగి ఆపేయండి. గాలి తెర వచ్చినచోట నీటి మీద లేత పట్టీ కనిపిస్తుంది, అక్కడ కాగితాన్ని ముట్టకుండా వదలాలి, లేదా దాదాపు పొడిగా ఉన్న కుంచెని పక్కకి పడుకోబెట్టి రాయాలి.

జూలై నుంచి ఎర్రనీరు వస్తుంది. అప్పుడు ఇదంతా మారిపోతుంది. బురద నీటికి సొంత రంగు ఉంటుంది కాబట్టి ఆకాశం సగమే ప్రతిఫలిస్తుంది. తేట నీటి మీద నిలవని నీడలు ఎర్రనీటి మీద స్పష్టంగా పడతాయి. బర్న్ట్ సియెన్నా, ఆకర్, కొంచెం లైట్ రెడ్ కలిపి వేసి, దూరాన మాత్రం కోబాల్ట్ చల్లదనం తగిలించండి. వరద గోదావరిని నీలంగా వేస్తే అది గోదావరి కాదు.

పచ్చదనం, కొబ్బరి, తాడి

ట్యూబులోని పచ్చరంగు వేస్తే బొమ్మ ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. అల్ట్రామెరీన్, గాంబోజ్ కలిపి బర్న్ట్ సియెన్నాతో తగ్గించండి. నారుమడిలో గాంబోజ్ ఎక్కువ. నాట్లు వేసిన కొత్తలో పొలం అంటే ఆకాశమే, దాని మీద పచ్చటి చుక్కలు. పిలకలు తొడిగాక నీలి ఛాయ కలుస్తుంది. కోతకి వచ్చేసరికి ఆకర్, సియెన్నా.

కొబ్బరి చెట్టుని నక్షత్రంలా వేయడం అందరూ చేసే పొరపాటు. రిగ్గర్‌తో మొవ్వు నుంచి బయటికి ఒక్క ఊపులో మట్టల ఈనెలు ముందు లాగాలి. పైవి నిక్కి ఉంటాయి, పక్కవి వంగుతాయి, అడుగువి ఎండి వేలాడతాయి. మీ వైపు వచ్చే మట్ట పొట్టిగా కనిపిస్తుంది, అది ఒకటైనా ఉండాలి. ఆకులు అన్నిటికీ వేయకండి, రెండు మూడు మట్టలకి చాలు, మధ్యలో ఆకాశం కనిపించాలి. తాడికి ఈ వంపులు లేవు. విసనకర్రల్లాంటి బిరుసు ఆకులు, గుండ్రటి తల, నిలువు కాండం. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే గోదావరి జిల్లాల వాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

చాలామంది కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు, నీళ్ల పైపులు తీసేసి "స్వచ్ఛమైన ప్రకృతి" వేస్తారు. డెల్టా విషయంలో ఇది నిజానికి దూరం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవల వల్లే ఈ పచ్చదనం ఇంతగా పరచుకుంది. కాలవ గట్టు, లాకులు, వాటి ఇనప తలుపులు ఈ దృశ్యానికి ఎముకలు. వాటిని తీసేస్తే మిగిలేది మళ్లీ బడిలో గీసిన బొమ్మే. కూర్పుకి అడ్డొచ్చే స్తంభాన్ని జరపండి, కానీ మనిషి చేయి ఆ నేల మీద ఎక్కడుందో చూపించే గుర్తుల్ని ఒకటి రెండైనా ఉంచండి.

మనుషుల్ని ముక్కూ ముఖంతో వేయక్కర్లేదు. తల చిన్న చుక్క, ఎత్తులో ఎనిమిదో వంతు కన్నా పెద్దది కాకూడదు. ఒళ్లు కిందికి సన్నబడే ఒక మచ్చ, పాదాలు ఉండవు. పంచె తెలుపు కాగితమే. ఊరికే నిలబడ్డవాళ్ల కన్నా వల విసిరేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, దోసిలితో నీళ్లు వదిలేవాళ్లు ఉంటే నదితో వాళ్లకున్న పని ఏమిటో బొమ్మే చెబుతుంది. ముగ్గురు చాలు, ఇద్దరు దగ్గరగా, ఒకరు దూరంగా.

రాజమండ్రి వెళ్లినవాళ్లు దామెర్ల రామారావు (1897–1925) చిత్రాలున్న ఆర్ట్ గ్యాలరీని చూసి రావాలి. అచ్చులో చూసిన బొమ్మలో అంచులు, పలచటి పూతలు తెలియవు. అప్పట్లో ఇక్కడి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రామారావునీ అడివి బాపిరాజునీ ప్రోత్సహించాడు. ఈ ఊళ్లో నదిని చూసి బొమ్మ వేయడానికి నూరేళ్లకు పైబడ్డ వరస ఉంది.

ఆపడం, వెనక రాయడం

చివరి అరగంటకి మిగిలేవి చిక్కటి ముదురులు: పడవ అడుగు, మెట్ల సందుల్లో నీడ, ఒకరి జుట్టు. ఐదింటికి మించవద్దు. అన్నిటికన్నా నల్లటిదీ అన్నిటికన్నా తెల్లటిదీ పక్కపక్కన పడేచోటికే కన్ను వెళుతుంది, ఆ చోటు ఏదో ముందే తేల్చుకోండి. టేపుని కాగితం పూర్తిగా ఆరాకే, బయటి వైపుకి వాలుగా లాగాలి. చట్రం కట్టించేటప్పుడు అద్దం బొమ్మకి తగలకుండా చుట్టూ మందపాటి అట్ట మౌంటు పెట్టించండి, చెమ్మ గోడకి ఆనకుండా చట్రం వెనక చిన్న కార్కు ముక్కలు అంటించండి.

ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మబ్బుల అధ్యయనాలు వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాసుకున్నాడు. మీరూ రాయండి. తేదీ, మొదలుపెట్టిన గంట, ముగించిన గంట, గాలి ఎటు నుంచి, నీరు తేటా ఎర్రా. రేవులో ఎన్ని మెట్లు నీటి పైన ఉన్నాయో లెక్కపెట్టి అదీ రాయండి. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్ల ఎత్తు. ఆ మట్టం దాకా నీరు నిలిచాక ఎగువన ఇప్పుడున్న ఒడ్లు, ఇసుక తిన్నెలు ఇలా ఉండవు. పాపికొండల వైపు వెళ్లి వేసేవాళ్లు బొమ్మ వెనక ఊరి పేరు, కూర్చున్న గట్టు, చూసిన దిక్కు కూడా తప్పకుండా రాసిపెట్టాలి.